నైట్ డ్యూటీ

పోయిన నెల మూడు కోళ్లు పోయాయి.
ముంగిసో, నక్కో, మనిషో,
ఈకలు చూసి చెప్పగల చదువు నేను చదవలేదు.
మొన్న పందులొచ్చి
కంకి పాలు పోసుకుంటున్న మొక్కజొన్న
పక్కబట్టలు మడతపెట్టినట్టు మడిచి పోయాయి.

"కుక్కని పెట్టు సిస్టరమ్మా" అన్నారు అందరూ.
ఫిరంగిపురం టీ కొట్టు శౌరీలు,
బోరు బాగుచేయడానికొచ్చిన కుర్రాడు,
పాపసంకీర్తనం వినాల్సిన ఫాదరు గారు కూడా.

నవ్వొచ్చింది.
గుంటూరు పెద్దాసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్లు,
కుక్కకాటు సూదుల గదిలో ఎన్ని పూటలో!
బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచే రోజుల నుంచి
జబ్బకి నాలుగైదుతో సరిపెట్టే రోజుల దాకా.
సంగడిగుంట పిల్లలు, ఏటుకూరు పాలవాళ్లు,
పిక్కలు, మోచేతులు, ఒక్కోసారి బుగ్గ.
కుక్కల గురించి నాకు తెలిసిందంతా
అవి వదిలిపెట్టిన గుర్తులే.

అయినా బెజవాడ వెళ్లి చూశాను.
గవర్నరుపేటలో ఏసీ గది,
పాతికవేల జర్మన్ షెపర్డు పిల్ల.
దాని ముత్తాత పేరు కాగితం మీద చూపించాడు,
మా ముత్తాత పేరు నాకే తెలీదు.
రోళ్లు పగిలే రోహిణి కార్తెలో
ఆ ఉన్నికోటు ఎక్కడ విప్పుకుంటుంది పాపం?

కొండవీడు కొండ కింద సింగరకొండ గొర్రెలు మేపుతున్నాడు.
అతని కుక్కకి ఒక చెవి లేదు.
నా వంక చూడలేదు, తోకైనా ఊపలేదు.
మంద చుట్టూ తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.
ఎక్కడో చూసిన నడక.
తెల్లారుజామున వార్డులో రౌండు కొట్టే హెడ్‌సిస్టరుది.

పిల్లలు నాలుగు, కంపచెట్టు నీడలో.
ఎంత అని అడిగాను.
"డబ్బులేందిలే అమ్మా, ఒకటే అడుగుతా.
రేతిరి అది అరిస్తే
నువ్వు లెగుస్తావా?"

"లేవకపోతే?"

"రెండు మూడు సార్లు చూసిద్ది.
ఆనక అరవటం మానేసిద్ది.
లేదంటే ఆకు రాలినా అరిసిద్ది.
రెండూ ఒకటే."

ఆటోలో తిరిగొస్తుంటే
పదహారో నంబరు మంచం గుర్తొచ్చింది.
స్టీలు గ్లాసుతో మంచం ఊచ మీద కొట్టేవాడు తాత,
నీళ్లకి, ఫ్యానుకి, దిండుకి, ఊరికే.
వరసగా మూడో నైటు నాకది.
కేస్ షీట్లు రాస్తున్నాను.
గ్లాసు మోగింది.
"వస్తున్నాలే తాతా" అన్నాను.
మళ్లీ మోగింది.
తర్వాత మోగలేదు.
హమ్మయ్య అనుకున్నాను.

ఫాదరు గారికి కూడా చెప్పలేదిది.

సింగరకొండ మంద పల్నాడు వైపు కదలడానికి
పదిహేను రోజులుంది.
అందుకని కుక్క కన్నా ముందు నేనెక్కాను డ్యూటీ.
టార్చికి కొత్త బ్యాటరీలు,
తలుపు దగ్గర రబ్బరు చెప్పులు, దుడ్డుకర్ర.
ఊళ్లో ఏ కుక్క మొరిగినా లేస్తున్నాను.

మొదటి రాత్రి నాలుగుసార్లు. ఏమీ లేదు.
రెండో రాత్రి పక్క మిరపకల్లం కాపలావాడు
బీడీ వెలిగించుకున్నాడు, అంతే.
మూడో రాత్రి మోకాలు మొరాయించింది,
పక్క మీదే కూర్చుని విన్నాను.
దాన్ని సిక్ లీవు కింద రాసుకున్నాను.
నాలుగోనాడు బాగా నిద్రపట్టింది,
ఎవరూ మొరగలేదో, నాకే వినపడలేదో.

అయిదో రాత్రి,
గట్టు మీద టార్చి వేస్తే
తడిమట్టిలో గిట్టల గుర్తులు,
వాటిలో ఇంకా నీళ్లు ఊరుతున్నాయి.
ఇప్పుడే వెళ్లింది.
ఆలస్యమే అయ్యాను,
మరీ అంత ఆలస్యం కాదు.

నిన్న రెండున్నరకి మళ్లీ ఎక్కడో ఒక అరుపు,
కొండ వైపు నుంచి, సన్నగా.
"వస్తున్నా" అన్నాను పైకే,
చీకట్లో కాళ్లతో చెప్పులు వెతుక్కుంటూ.

ఇంకా తొమ్మిది రాత్రులున్నాయి.